ఏఐ ఏజెంట్లకు జీఎస్టీ రికార్డులు అందించే ఒక టూల్: డాక్యుమెంటేషన్‌పై సమీక్ష

సరుకు పంపిన పార్టీ జీఎస్టీ నంబరు చెల్లుతుందా, ఆ పార్టీ రిటర్నులు వేళకు వేస్తోందా అన్న రెండు ప్రశ్నలు పన్ను పనులు చూసే ప్రతి ఆఫీసులోనూ నెలనెలా తలెత్తుతాయి. కొన్నవాడు పన్నుతో సహా బిల్లు మొత్తం చెల్లించినా, అమ్మినవాడు ఆ పన్నును ప్రభుత్వానికి జమ చేస్తేనే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) దక్కుతుందని సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 16(2)(సి) సెక్షన్ చెబుతోంది. అమ్మినవాడు ఆ బిల్లును జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులో చూపాలి, అది కొన్నవాడికి దక్కే క్రెడిట్‌ను చూపే జీఎస్టీఆర్-2బి స్టేట్‌మెంటులో కనిపించాలి అన్న షరతు 2022 జనవరి 1 నుంచి దానికి తోడైంది. అదే ఏడాది డిసెంబరులో చేర్చిన 37ఎ నిబంధన ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే సెప్టెంబరు 30 నాటికి కూడా అమ్మినవాడు ఆ కాలానికి జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క చూపి చెల్లించే రిటర్ను) వేయకపోతే, కొన్నవాడు తాను వాడుకున్న క్రెడిట్‌ను నవంబరు 30లోగా తిరిగి కట్టాలి. ఎదుటివాడు పన్ను ఎగ్గొడితే మన క్లయింటు జేబుకు చిల్లు పడుతుంది కాబట్టే ఎదుటివాడి రికార్డు చూడటం తప్పనిసరి పనుల్లో ఒకటైంది.

ఈ పనిని ఏఐ ఏజెంటుకు, అంటే టూల్స్ వాడి చెప్పిన పనిని తానే చేసే ఏఐ ప్రోగ్రాముకు, అప్పగించేందుకు వీలుగా ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన టూల్‌ను విజయవాడలోని మా ఆఫీసులో వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. లోపాలను వారికి విడిగా రాసి పంపాను. పైగా ఇక్కడ ప్రస్తావించే విషయాలు ఈ కోవకు చెందిన ఏ టూల్ కొనబోయేవారికైనా పనికొస్తాయి. టూల్ కంటే దాని డాక్యుమెంటేషన్ (టూల్‌ను ఎలా వాడాలో చెప్పే రాతలు) గురించే ఎక్కువ రాయడానికి కారణం ఉంది. మనిషి వాడే సాఫ్ట్‌వేర్‌లో వివరణ సరిగా లేకపోయినా, అనుభవం ఉన్న గుమాస్తా తెర మీద కనిపించినదాన్ని బట్టి సంగతి గ్రహించి సర్దుకుపోతాడు. ఏజెంటుకు ఆ అవకాశం లేదు. టూల్ పేరు, దాని కింద రాసిన నాలుగు వాక్యాల వివరణ, ఇవ్వవలసిన వివరాల నమూనా, తిరిగి వచ్చే జవాబు ఇవే దానికి తెలిసిన ప్రపంచం. ఆ నాలుగు వాక్యాల్లో లేనిదాన్ని అది ఊహతో నింపుకుంటుంది, ఆ ఊహను ఎంతో ధీమాగా మన ముందు పెడుతుంది.

మొదట ఈ టూల్ ఎక్కడి నుంచి ఏం తెస్తుందో చెప్పాలి. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ అన్న చోట ఎవరైనా, లాగిన్ అవసరం లేకుండానే, ఒక నంబరు కొట్టి క్యాప్చా నింపి, ఆ వ్యాపారి చట్టబద్ధమైన పేరు, వ్యాపార నామం, రిజిస్ట్రేషన్ తేదీ, ప్రస్తుత స్థితి, వ్యాపార స్వరూపం, ఏ సర్కిల్ పరిధిలో ఉన్నాడు, ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశాడు అన్న వివరాలు చూడవచ్చు. ఇదంతా ఉచితమే. అయితే క్యాప్చా ఉన్నది మనిషి కోసం; వందల కొద్దీ నంబర్లను యంత్రం చేత వెతికించాలంటే జీఎస్టీఎన్ (జీఎస్టీ పోర్టల్ నడిపే సంస్థ) అనుమతి పొందిన సువిధ ప్రొవైడర్ల ద్వారా, వారి ఏపీఐల (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము నుంచి సమాచారం తెచ్చుకునే మార్గాల) మీదుగా వెళ్లాలి. ఈ టూల్ చేసేది ఆ ఏపీఐలకు ఎంసీపీ అనే పై తొడుగు వేయడమే. ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన ఒక ఉమ్మడి పద్ధతి. ఒకసారి ఆ పద్ధతిలో టూల్ రాస్తే దాన్ని పాటించే ఏ ఏఐ సహాయకుడైనా వాడుకోగలడు. మేం వాడిన టూల్‌లో నంబరుతో వివరాలు వెతకడం, రిటర్నుల చరిత్ర తేవడం, పాన్ నంబరును బట్టి రిజిస్ట్రేషన్లు చూపడం, క్లయింటు అనుమతితో 2బి స్టేట్‌మెంటు దించుకోవడం అనే పనులు ఉన్నాయి.

బాగున్న భాగంతో మొదలుపెడతాను. జీఎస్టీ నంబరు నిర్మాణాన్ని వివరించిన పేజీ, ఈ కోవలో నేను చదివిన వాటిలో అన్నిటికంటే శ్రద్ధగా రాసినది. పదిహేను స్థానాల్లో మొదటి రెండూ రాష్ట్ర సంకేతం, తరువాతి పది పాన్, పదమూడోది అదే పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో తెలిపేది, పద్నాలుగోది మామూలుగా ‘జెడ్’, పదిహేనోది రాతలో తప్పు పట్టేందుకు ఉంచిన చెక్ అంకె అని చెప్పి ఊరుకోకుండా, ఆ చెక్ అంకెను లెక్కగట్టే పద్ధతిని కూడా ఇచ్చారు. మొదటి పద్నాలుగు స్థానాల్లో అంకెలకు వాటి విలువే ఉంచి, ‘ఎ’ నుంచి ‘జెడ్’ వరకు ఉన్న అక్షరాలకు 10 నుంచి 35 వరకు విలువలిచ్చి, ఒకటి విడిచి ఒకటిగా 1తోనూ 2తోనూ గుణించి, ప్రతి లబ్ధాన్నీ 36తో భాగించి భాగఫలాన్నీ శేషాన్నీ కలిపి, ఆ మొత్తాలన్నీ కూడి, మళ్లీ 36తో భాగించగా మిగిలిన శేషాన్ని 36 నుంచి తీసివేయాలి. ఇది కొంత చాదస్తంగా కనిపించవచ్చు కానీ పనికి చాలా అవసరమైనది. చేతిరాత బిల్లు మీద సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ మధ్య వచ్చే తికమకను చాలా వరకు నమూనా పరీక్షే పట్టేస్తుంది, ఎందుకంటే పాన్‌లో ఏ స్థానంలో అక్షరం ఉండాలో, ఏ స్థానంలో అంకె ఉండాలో నిర్ణీతం. కానీ ఒకటిని ఏడుగా, మూడును ఎనిమిదిగా చదివితే నమూనా పరీక్షకు చిక్కదు. అక్కడ చెక్ అంకె ఒక్కటే దిక్కు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే క్లయింట్ల దగ్గర నుంచి వచ్చే బిల్లుల్లో, కార్బన్ కాగితం మీద సగం చెరిగిపోయిన నంబర్లు చూసినవారికి ఇది ఎంత పెద్ద సాయమో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడే ఉన్న మరో వాక్యం నాకు ఇంకా నచ్చింది. చెక్ అంకె సరిపోనప్పుడు నంబరును ఏజెంటు తనంతట తాను సరిదిద్ది మళ్లీ వెతకరాదని, బిల్లు పంపిన మనిషినే అడగాలని టూల్ వివరణలోనే రాసి పెట్టారు. ఈ హెచ్చరిక లేని టూల్‌తో పని చేయించినప్పుడు, ఏజెంటు ఒక అంకె మార్చి చూసి, ఆ కొత్త నంబరు మీద ఎవరో సంబంధం లేని వ్యాపారి కనిపిస్తే, అతనే మన పార్టీ అని తేల్చేసే ప్రమాదం ఉంది. చెక్ అంకె సరిపోయినంత మాత్రాన ఆ నంబరు వాడుకలో ఉన్నట్టు కాదని, అది రాతలో తప్పు లేదని మాత్రమే చెబుతుందని కూడా స్పష్టంగా ఉంది. రాష్ట్ర సంకేతాల పట్టిక దగ్గర మాత్రం కొంచెం అలసత్వం కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ఎదురుగా 28, 37 రెండూ రాసి, తేడా ఏమిటో చెప్పకుండా వదిలేశారు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్ కాలపు టిన్ నంబర్లు (అప్పటి పన్ను రిజిస్ట్రేషన్ నంబర్లు) 28తో మొదలయ్యేవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేనాటికి విభజన జరిగి మూడేళ్లు దాటింది కాబట్టి నవ్యాంధ్రకు 37, తెలంగాణకు 36 వాడుకలో ఉన్నాయి. బిల్లు మీద 28తో మొదలైన జీఎస్టీ నంబరు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూడాలన్న సంగతి మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు, ఏజెంటుకు మాత్రం ఎవరో ఒకరు రాసి చెప్పాలి.

జవాబులో వచ్చే అంశాల వివరణ కూడా చాలావరకు మెచ్చుకోదగినదే. ప్రభుత్వ ఏపీఐ పంపే జవాబులో పేర్లన్నీ పొడి అక్షరాలే: చట్టబద్ధమైన పేరుకు ఎల్‌జీఎన్ఎం, స్థితికి ఎస్‌టీఎస్, రద్దు తేదీకి సీఎక్స్‌డీటీ, పన్ను చెల్లింపుదారు రకానికి డీటీవై, వ్యాపార స్వరూపానికి సీటీబీ. వీటిని యథాతథంగా ఏజెంటు ముందు పడేయకుండా, ఒక్కొక్క దానికి అర్థం రాశారు. ముఖ్యంగా చట్టబద్ధమైన పేరుకూ వ్యాపార నామానికీ తేడాను వివరించిన తీరు అనుభవం ఉన్నవారు రాసినట్టుంది. ఒంటరి యజమాని నడిపే దుకాణానికి చట్టబద్ధమైన పేరు అంటే ఆ యజమాని పాన్ కార్డు మీది పేరే. బోర్డు మీద, బిల్లు మీద ఉండేది వ్యాపార నామం. ఆ రెండూ వేరువేరుగా ఉండటం మన ఊళ్లలో సర్వసాధారణం. ఇది తెలియని ఏజెంటు ప్రతి మూడో బిల్లుకూ ‘పేరు సరిపోలడం లేదు’ అని ఎర్రజెండా ఊపుతుంది. దీనికి తోడు మన పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు; లక్ష్మినీ శ్రీనీ వెంకటేశ్వరనీ రాసే తీరులెన్నో ఉన్నాయి, ఇంటిపేరు ముందుకూ వెనక్కూ మారుతుంటుంది. ఇలాంటి చిన్న తేడాలను దోషంగా కాక గమనికగా మాత్రమే చూపమని డాక్యుమెంటేషన్ సూచిస్తుంది. పాన్ నాలుగో అక్షరం ‘పి’ అయితే వ్యక్తి, ‘సి’ అయితే కంపెనీ, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ అని గుర్తుచేసి, దాన్నీ వ్యాపార స్వరూపాన్నీ పక్కపక్కన పెట్టి చూడమనడం మరో మంచి సలహా.

కాంపోజిషన్ వ్యాపారుల విషయం కూడా మరచిపోలేదు. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాడు కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేయరాదు, కాబట్టి అలాంటి పార్టీ బిల్లు మీద పన్ను వేసి ఉంటే ఆ బిల్లులోనే తిరకాసు ఉన్నట్టు. డీటీవై అంశం కింద ఈ ఒక్క మాట రాయడం వల్ల ఏజెంటు చాలా విలువైన హెచ్చరిక ఇవ్వగలుగుతోంది.

రిటర్నుల చరిత్ర దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. ప్రభుత్వ ఏపీఐ రిటర్ను కాలాన్ని ఆరు అంకెల్లో, నెల ముందు సంవత్సరం వెనుకగా పంపుతుంది. 042025 అంటే 2025 ఏప్రిల్. ఈ మాట రాశారు. కానీ మూడు నెలలకోసారి రిటర్ను వేసే క్యూఆర్‌ఎంపీ పథకం వ్యాపారులకు ఆ జాబితాలో త్రైమాసికం చివరి నెల మాత్రమే కనిపిస్తుందన్న సంగతి ఈ టూల్ వివరణలో ఎక్కడా లేదు. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ పథకాన్ని అయిదు కోట్ల వరకు టర్నోవర్ ఉన్నవారు ఎంచుకోవచ్చు. మా క్లయింట్లు సరుకు కొనే చిన్న పార్టీల్లో చాలామంది ఇందులోనే ఉన్నారు. ఫలితం ఏమైందంటే, ఏప్రిల్, మే నెలల జీఎస్టీఆర్-3బి కనబడలేదు కాబట్టి ఆ పార్టీ రెండు నెలలు డిఫాల్టు అయిందని ఏజెంటు నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక నకలు చదువుకున్న క్లయింటు ఫోను చేసి, “ఆడిటర్ గారూ, వీడు రెండు నెలలు ఎగ్గొట్టాడంట కదా, పేమెంటు ఆపేయమంటారా?” అని అడిగారు. “ఆపకండి, ఆయన మూడు నెలలకోసారి వేసే బాపతు, జూన్‌ది వేళకే వేశాడు” అని చెప్పి సర్దవలసి వచ్చింది. పార్టీ నెలవారీయా త్రైమాసికమా అని తెలిపే ప్రభుత్వ ఏపీఐ వేరే ఉంది, ఈ టూల్ దాన్ని పిలవగలదు కూడా. కానీ ఆ సంగతి చివరి పేజీల్లో, ‘అదనపు సదుపాయాలు’ అన్న శీర్షిక కింద దాగి ఉంది. రిటర్నుల చరిత్ర చూసేముందు ఇది తప్పక పిలవాలని మొదటి వాక్యంలోనే రాసి ఉంటే ఆ ఫోనే వచ్చేది కాదు. గడువు తేదీల పట్టికలోనూ నెలవారీ వారి 11, 20 తేదీలే ఇచ్చారు. త్రైమాసికం వారికి జీఎస్టీఆర్-1 గడువు 13 అనీ, జీఎస్టీఆర్-3బి గడువు మన రెండు తెలుగు రాష్ట్రాలకూ 22 అనీ, దేశంలో మరికొన్ని రాష్ట్రాలకు 24 అనీ చేర్చవలసింది.

ఇక ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే తీవ్రంగా అనిపించిన లోపం, జవాబు రాకపోవడాన్ని వర్ణించిన తీరు. ఒక నంబరు జీఎస్టీఎన్ దగ్గర అసలు లేకపోవచ్చు. నంబరు ఉన్నా ఆ క్షణంలో ప్రభుత్వ సర్వరు పలకకపోవచ్చు. రెండూ సవ్యంగా ఉన్నా, మనం డబ్బు కట్టి కొనుక్కున్న విచారణల కోటా అయిపోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ ఈ టూల్ ఒకే ఖాళీ జాబితా తిరిగి ఇస్తుంది. మనుషులు చదివే వెబ్ పేజీలో తప్పుల సంకేతాల పట్టిక విడిగా ఉందన్నది నిజమే కానీ, ఆ పట్టిక ఏజెంటుకు చేరే వివరణలో లేదు, ఆ సంకేతాలు జవాబులోకి రావు. ప్రభుత్వ సర్వర్లు ఎప్పుడు మందగిస్తాయో మనందరికీ తెలుసు. ఇరవయ్యో తేదీ సాయంత్రం దేశమంతా ఒకేసారి పోర్టల్ మీద పడుతుంది. సరిగ్గా ఆ వేళకే ఏజెంటు చేత పార్టీల జాబితా పరిశీలింపజేస్తే, ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్న నిఖార్సయిన దుకాణాల పక్కన ‘రికార్డు లేదు, నంబరు నకిలీది కావచ్చు’ అని వచ్చింది. గంట తరువాత అదే జాబితాను మళ్లీ ఇస్తే అందరూ సలక్షణంగా ఉన్నారు.

ఏజెంటును తప్పుపట్టి లాభం లేదు. ఖాళీ జాబితా అంటే ‘వెతికాను, లేదు’ అని అర్థం చేసుకోవడం సహజమే, అలా కాదని ఎవరూ దానికి చెప్పలేదు. ఎంసీపీ పద్ధతిలో టూల్ విఫలమైతే ఆ సంగతిని జవాబులోనే గుర్తుపెట్టి చెప్పే ఏర్పాటు ఉంది. జవాబు ఏ ఆకృతిలో ఉంటుందో ముందే ప్రకటించే వీలూ ఉంది. వాటిని వాడుకుని, ‘రికార్డు లేదు’, ‘చూడలేకపోయాం’, ‘కోటా ముగిసింది’ అన్న మూడు స్థితులను వేరువేరుగా పంపి, రెండో స్థితిలో పార్టీ గురించి ఏ నిర్ణయానికీ రావద్దని, కాసేపాగి మళ్లీ ప్రయత్నించమని రాస్తే సరిపోయేది. ప్రోగ్రాము రాయగలిగినవారికి ఇది పెద్ద పని కాదు. పన్ను రికార్డు విషయంలో ‘తెలియదు’ అన్న జవాబును ‘లేదు’గా మార్చి చెప్పడం ఒక వ్యాపారి పరువుకు సంబంధించిన వ్యవహారమని తయారీదారులు ఇంకా గ్రహించినట్టు లేదు.

దీనికి దగ్గరి సంబంధం ఉన్న రెండో లోపం తేదీల విషయం. మొదటి పేజీలో ‘తాజా సమాచారం, తక్షణమే’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపలికి వెళ్లి చదివితే, ఒకసారి తెచ్చిన రికార్డును కొన్ని గంటల పాటు తమ దగ్గరే దాచి ఉంచి మళ్లీ అడిగినవారికి అదే ఇస్తారని తెలుస్తుంది. దాచి ఉంచడంలో తప్పు లేదు, ఖర్చు తగ్గుతుంది, పోర్టల్ మీద భారమూ తగ్గుతుంది. కానీ ఏ గంటకు తెచ్చిన రికార్డో జవాబులో చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ ఉదయం సస్పెండ్ అయి సాయంత్రానికి కూడా ‘యాక్టివ్’ అని చూపితే, ఆ మాటను నమ్మి డబ్బు విడుదల చేసినవాడికి ఎవరు జవాబుదారు?

అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ఇవాళ యాక్టివ్‌గా ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, బిల్లు తేదీ నాటికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందా అన్నది వేరే ప్రశ్న. క్రెడిట్ విషయంలో రెండోదే ముఖ్యం. సీజీఎస్టీ చట్టం 29(2) సెక్షన్ కింద అధికారి రిజిస్ట్రేషన్‌ను వెనుక తేదీ నుంచి కూడా రద్దు చేయవచ్చు. అలా రద్దయితే, మనం సరుకు కొన్న రోజున పోర్టల్‌లో యాక్టివ్ అని చూసి మరీ కొన్నా, తరువాత చూసేసరికి రద్దు తేదీ బిల్లు తేదీకి ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. వెనుక తేదీ రద్దును యాంత్రికంగా చేయరాదని, దానికి తగిన కారణం చూపాలని ఢిల్లీ హైకోర్టు అనేక కేసుల్లో చెప్పిందంటే ఈ సమస్య ఎంత విస్తృతమో ఊహించుకోవచ్చు. సీఎక్స్‌డీటీ అనే అంశం రద్దు అమల్లోకి వచ్చిన తేదీ అనీ, ఉత్తర్వు వెలువడిన తేదీ కాకపోవచ్చనీ ఈ డాక్యుమెంటేషన్ చెప్పాలి, చెప్పలేదు. ‘క్యాన్సలేషన్ డేట్’ అన్న రెండు మాటలతో సరిపెట్టింది. మా ఆఫీసులో ఏజెంటుకు మేమే ఒక నియమం రాసి పెట్టుకున్నాం: స్థితిని ఒక్కదాన్నే చూడకుండా బిల్లు తేదీని రిజిస్ట్రేషన్ తేదీతోనూ రద్దు తేదీతోనూ పోల్చాలి, కొనుగోలు రోజున తెచ్చిన రికార్డును సమయంతో సహా ఫైలులో దాచాలి. రేపు నోటీసు వస్తే, ఆ రోజు మనం చూసి కొన్నామని చూపించడానికి ఆధారం అదొక్కటే.

టూల్ దేనికి పనికిరాదో చెప్పడం కూడా డాక్యుమెంటేషన్ బాధ్యతే. రిటర్ను వేశాడన్న సమాచారం, మన బిల్లు ఆ రిటర్నులో ఉందన్న హామీ కాదు. అది తెలియాలంటే కొన్నవాడి 2బి చూడాలి. ఈ తేడా రాయకపోవడం వల్ల ఏజెంటు ‘పార్టీ క్రమం తప్పకుండా రిటర్నులు వేస్తోంది కాబట్టి మీ క్రెడిట్ సురక్షితం’ అని ఒక న్యాయ సలహాదారు ధోరణిలో తేల్చేసింది. ‘ఈ టూల్ క్రెడిట్ అర్హతను నిర్ణయించదు’ అన్న ఒక్క వాక్యం వివరణలో చేర్చి చూశాను. ఆ ధోరణి చాలావరకు తగ్గింది.

అనుమతితో తెచ్చే 2బి సంగతికి వస్తే, ఇక్కడ నాకు మొహమాటం లేని అభ్యంతరం ఉంది. పేరు, స్థితి, రిటర్ను తేదీల వంటివి పోర్టలే బహిరంగంగా ఉంచినవి. 2బి అలా కాదు, అది క్లయింటు సొంత లెక్క. జీఎస్టీ రికార్డుల గోప్యతకు 158 సెక్షన్ ఉంది. పన్ను చెల్లింపుదారు సమ్మతితో వివరాలు పంచుకునేందుకు 158ఎ సెక్షన్‌ను తరువాత చేర్చారు, అది 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. క్లయింటు తన పోర్టల్ ఖాతాలో ఏపీఐ అనుమతి ఇచ్చి, ఓటీపీతో ధ్రువీకరిస్తేనే ఈ రెండో రకం సమాచారం బయటికి వస్తుంది. ఇంత తేడా ఉన్న రెండింటినీ ఈ టూల్ ఒకే జాబితాలో, ఒకే తీరు పేర్లతో ఉంచింది. దాంతో ఏజెంటు ఒక మామూలు పార్టీ విచారణ మధ్యలో, ‘మరింత కచ్చితంగా చెప్పాలంటే మీ మొబైలుకు వచ్చిన ఓటీపీ ఇక్కడ రాయండి’ అని అడిగింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు ఇన్నేళ్లుగా నెత్తీ నోరూ బాదుకుంటుంటే, చాట్ పెట్టెలో ఓటీపీ రాయడం క్లయింట్లకు అలవాటు చేయడం మంచిది కాదు. ఓటీపీ కోసం సంస్థ తన వెబ్ పేజీనే తెరిచి అక్కడే తీసుకోవాలి, అది ఏజెంటు కంట పడకూడదు. ఓటీపీలు, 2బి వివరాలు ఆ సంస్థ సర్వర్ల నమోదు ఫైళ్లలో (లాగ్‌లలో) ఎంతకాలం ఉంటాయన్న ప్రశ్నకు డాక్యుమెంటేషన్‌లో జవాబు లేదు.

బహిరంగ రికార్డు విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరమే. చిన్న వ్యాపారుల్లో ఎంతోమందికి ఇల్లే దుకాణం, ఇంటి చిరునామాయే రిజిస్ట్రేషన్ చిరునామా. ఒక్క నంబరు చూసుకోవడం వేరు, పాన్ నంబర్లు వరసగా ఇచ్చి వందల ఇళ్ల చిరునామాలు పోగుచేసుకోవడం వేరు. పాన్ ద్వారా వెతికే టూల్ వివరణలో అవసరమైన మేరకే అడగమన్న మాట ఉంటే బాగుండేది. స్థితి మాత్రమే కావలసినప్పుడు చిరునామా లేకుండా జవాబు తెప్పించుకునే వీలు ఉందని ఒకచోట చూశాను. అది మంచి ఏర్పాటు, దాన్నే మామూలు పద్ధతిగా చేయాలి.

భద్రతకు సంబంధించి మరో చిన్న ముక్క. వ్యాపార నామం, చిరునామా అన్నవి రిజిస్ట్రేషన్ వేళ దరఖాస్తుదారు స్వయంగా నింపినవి. వాటిలో ఎవరైనా ఏజెంటును ఉద్దేశించి ఆదేశంలాంటి వాక్యం జొప్పిస్తే, అది రికార్డుతో పాటు నేరుగా ఏజెంటు చదివే పాఠంలోకి వస్తుంది. వీటిని సమాచారంగానే చూడాలి, ఆజ్ఞలుగా పాటించరాదు అని ఈ టూల్ వివరణ స్పష్టంగా చెబుతోంది. ఇతరుల టూల్స్‌లో ఈ మాట ఇంకా అరుదుగానే కనిపిస్తోంది.

ధర విచారణకింత అని వసూలు చేస్తారు. తప్పు నంబరుకు చెక్ అంకె దగ్గరే ఆగిపోతే ఛార్జీ పడదు, ఇది న్యాయంగా ఉంది. సర్వరు పలకని విచారణకు మాత్రం ఛార్జీ పడుతోంది, అది న్యాయం కాదు. సహాయ విభాగం ఈమెయిలుకు మరునాటికల్లా జవాబిచ్చింది; క్యూఆర్‌ఎంపీ విషయాన్ని వివరణలో చేరుస్తామని, ఖాళీ జాబితా సంగతి తరువాతి వెర్షన్‌లో చూస్తామని రాశారు.

నెలకు పదో పాతికో కొత్త పార్టీలు వచ్చే దుకాణానికి ఈ టూల్ అక్కరలేదు. పోర్టల్‌లో క్యాప్చా కొట్టి ఉచితంగా చూసుకోవడమే మేలు. వందల కొద్దీ సప్లయర్లు ఉన్న హోల్‌సేల్ వ్యాపారులకు, వారి లెక్కలు చూసే ఆఫీసులకు మాత్రం ఇది నిజంగా సమయం ఆదా చేస్తుంది, కానీ వివరణల్లో మన వాక్యాలు మనమే చేర్చుకోవలసి ఉంటుందని గుర్తుంచుకుని కొనాలి. మేం ప్రస్తుతం నంబరు విచారణ, రిటర్నుల చరిత్ర, నెలవారీ-త్రైమాసిక ఎంపిక అనే మూడింటినే ఏజెంటుకు అందుబాటులో ఉంచాం. ఓటీపీ అడిగే టూల్‌ను పూర్తిగా ఆపేశాం. ఖాళీ జాబితా వచ్చిన ప్రతి నంబరునూ ఒక గుమాస్తా పోర్టల్‌లో చేత్తో చూసిన తరువాతే క్లయింటుకు మాట చెబుతున్నాం. ఆ ఒక్క లోపం సరిచేస్తే చందా కొనసాగిస్తాం, లేకపోతే గడువు ముగిశాక ఆపేస్తాం.